పోకముందే పూర్తయిన క్వారంటైన్ గురించి

విదేశీ ప్రయాణికుల సహాయ విభాగం అధికారి గారి సముఖమునకు,
మర్రిగూడ మండలవాసి బి. డేవిడ్, బి.కాం., వ్రాసుకొను అర్జీ.
తేదీ: 20 ఆగస్టు 2021

విషయం: పరదేశంలో ఉండవలసిన క్వారంటైన్‌ను మా అక్క చేత మా ఊళ్లోనే ముందస్తుగా చేయించినందున, బాధ్యత ఒప్పుకుంటూ లేఖ ఇప్పించుట గురించి.

అయ్యా,

తమ విలువైన తీరిక సమయాన్ని చెడగొడుతున్నందుకు వెయ్యిన్నొక్క క్షమాపణలు. ఈ కింది అంశాల్లో ఎక్కడైనా అగౌరవం కనిపిస్తే అది నా చదువు లోపమే తప్ప తమ విభాగం పనితీరు వల్ల కలిగింది కాదని ముందే విన్నవించుకుంటున్నాను.

1. మా అక్క గ్రేస్ నర్సు. రెండో వేవ్ అంతా కొవిడ్ వార్డులో పనిచేసింది. గల్ఫ్‌లో ఒక దవాఖానలో ఉద్యోగం రాగా, ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అక్కడి క్వారంటైన్ నిబంధనలు తెలుసుకోవడానికి జులైలో తమ కౌంటర్‌కు వచ్చింది.

2. కౌంటర్‌లోని నాగరాజు గారు లోపలికి వెళ్లి తమరిని అడిగి వచ్చి సెలవిచ్చారు: "ఆడ జేసేది ఈడనే జేసి పోతే అయిపాయె గదమ్మా. సార్ గూడ గదే అంటుండు." ఇంత తేలిక ఉపాయం ప్రపంచ దేశాల్లో ఎవరికీ తట్టకపోవడం విచారకరం.

3. ఆ ప్రకారం అక్కను మా ఊరి బడిలో, మూడో తరగతి గదిలో, పద్నాలుగు రోజులు ఉంచి బయట గొళ్లెం పెట్టించారు. బడిలో వంట చేసే బిక్షమ్మ కిటికీలోంచి పళ్లెం అందిస్తూ అడిగింది.

"యాడికి పోయొచ్చినవ్ బిడ్డా?"

"ఇంక పోలేదవ్వా. పోవాలె."

"పోకముందుకే గిట్ల జేసిన్రు. పోయొస్తే ఏం జేస్తరో."

బిక్షమ్మకు అర్థమైనది తమ విభాగంలో ఎవరికీ అర్థం కాలేదని నేను అనడం లేదు. రికార్డు కోసం పేర్కొంటున్నాను.

4. "ప్రయాణానంతర క్వారంటైన్ ప్రయాణమునకు పూర్వమే సంతృప్తికరముగా ముగిసినది" అని తమరు సంతకం చేసిన ధ్రువపత్రాన్ని విమానాశ్రయం కౌంటర్‌లోని అమ్మాయి రెండుసార్లు చదివింది. పక్క కౌంటర్ వాళ్లను పిలిచి చదివించింది. తర్వాత, "మేడమ్, అక్కడ హోటల్ రూమ్ బుక్ చేసుకున్న పేపర్ ఏది?" అంది. అది లేదు. తూకం మీద పెట్టిన పెట్టె దించుకుని వెనక్కి వచ్చాం.

5. మరునాడు పత్రం పట్టుకుని వస్తే నాగరాజు గారు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ముద్ర సక్కగనే వడ్డది గద, ఇంకేం గావాలె?" అన్నారు. ముద్ర చక్కగానే పడింది. దాని మీద ఫిర్యాదు లేదు.

గల్ఫ్ దవాఖాన వారు ఈ నెల 28 వరకే ఆగుతామన్నారు. ఆలస్యం ఆమె వల్ల జరగలేదని ఇక్కడి కార్యాలయం నుంచి లేఖ కావాలన్నారు. లేకుంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇక్కడిది ఎప్పుడో పోయింది. కావున తప్పు తమ విభాగానిదేనని ఒక్క వాక్యం రాయించి, ఈసారి చదివిన తర్వాతే సంతకం చేయగలరని ప్రార్థిస్తున్నాను.

తమ విధేయుడు,
బి. డేవిడ్

మరొక మనవి: ఈ పేజీని మా అక్కకు చూపించకండి. తమ కౌంటర్‌కు రాకముందు ఆమె నన్ను అడిగింది, "ఆ దేశం వెబ్‌సైట్ల రూల్స్ జర సూడుర తమ్మీ, నాకు డ్యూటీల తీరుతలేదు" అని. అప్పుడు క్యారమ్స్ ఆడుతున్నాను. సాయంత్రం "సూసినవా?" అంటే, "సూసినక్కా, పద్నాలుగు రోజులు ఉండాల్నట, గంతే" అన్నాను. ఆ వెబ్‌సైట్ నేను మొదటిసారి తెరిచింది నిన్న. పద్నాలుగు కాదు, ఏడు రోజులే. హోటల్ గది సంగతి మూడో వరుసలోనే ఉంది.