సీతాఫలం చెట్లు కొట్టరట

అల్వాల్, సికింద్రాబాద్.

అమ్మకు కల్పలత దండాలు. ఫోన్‌ల నీకు వినబడదని కార్డు రాస్తున్న. మా ఇంటెనుక గుట్టకు యూనివర్సిటీ వాళ్లు కంచె వేస్తుంటే, సీతాఫలాలు తెంపి అమ్ముకునుడు బందైతదని నీ ముందట ఏడ్చిన కదా. అట్లేం కాలే. వాళ్ల బస్సులు, జనరేటర్లు వదిలే పొగను గుంజుకునేటందుకు గుట్ట మీదనే ఇంకిన్ని చెట్లు పెంచుతరట. "పాతవి కొట్టం, నువ్వు ఎప్పటిలెక్కనే రా. మా పిల్లలకు సుత చెట్లు చూపియ్యి" అన్నది ఆ యూనివర్సిటీల చదువు చెప్పే మేడం. నిన్న ఇరవై మందిని తిప్పిన. ఒక పిల్ల రేలచెట్టు బెరడు తడుముకుంట చానసేపు నిలబడ్డది.

నాన్న మోకాలు నొప్పి తగ్గిందా? తగ్గకుంటే ఇక్కడికి తోలుకరా, రెజిమెంటల్ బజార్‌ల మంచి డాక్టర్ ఉన్నడు. నా ఫికర్‌ల నువ్వు సరిగ తింటలేవని తమ్ముడు చెప్పిండు. ఇగ కడుపునిండ తిను. మీరిద్దరు చల్లగుండాలె.

నీ బిడ్డ,
కల్పలత