తగిలిందో లేదో

ధర్మవరం,
9-6-2002

తమ్ముడు గిరిధర్‌కు అక్క రాసేది.

యుద్ధం వచ్చేలా ఉందని సెలవు మధ్యలోనే మీ ఎయిర్‌ఫోర్సు వాళ్ళు నిన్ను పిలిపించినప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. నువ్వు వదిలివెళ్ళిన కంప్యూటర్ ముందు కూర్చుని నువ్వు నిజంగా నడిపే ఆ యుద్ధవిమానాల ఆట నేర్చుకుంటున్నాను. నవ్వొద్దు.

"ఎదుటోడు కంటికి కనపడడక్కా, తెర మీద చుక్కే. మిసైల్ వదిలినాక పక్కకు తిరిగిపోవల్ల. నేరుగా పోతే వాని మిసైల్ మనకు తగుల్తాది" అని నువ్వు చెప్పింది మరిచిపోలేదు. అయినా రోజూ చచ్చిపోతున్నాను. నేను వదిలింది వాడికి తగిలిందో లేదో చూడాలని నేరుగానే పోతాను.

నిన్న మీ బావ చూసి నవ్వాడు. "మగ్గం మీద తెగిన పోగు ముడేసినాక అది నిలిచిందో లేదో లాగి చూస్తావు గదా, ఆ బుద్ధి యాడికి పోతాది?" అన్నాడు.

అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. చిన్నప్పుడు మగ్గం గుంటలో నా పక్కన కూర్చుని పోగులు ముడేసినవాడివే నువ్వూ. ప్రతి ముడినీ లాగి చూడందే లేచేవాడివి కాదు. అలా చూడమని నేర్పింది నేనే.

ఒరే, ఆ మాట మరిచిపో. తగిలిందో లేదో చూడొద్దు. వచ్చేయ్.

అక్క