దిద్దకుండా వదిలేసిన కాగితం

చిన్నమ్మడూ,
ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. అమ్మ నిన్ను అడుగుతోంది కాబట్టి రాస్తున్నాను. అమ్మకి మూత్రంలోని క్రిమి రక్తంలోకి పాకింది, ఆసుపత్రిలో ఉన్నాం. తప్పు నాదే. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా, కామాను కూడా వదిలేది కాదు. నెలనెలా అమ్మ మూత్రపరీక్ష కాగితంలో క్రిములున్నాయని కనబడితే చాలు, ఆ మాట పోయేదాకా మాత్రలు మింగించాను.

"మంటా జ్వరమూ లేకుండా మందులెందుకు వేశారు తాతగారూ?" అంది డాక్టరమ్మ.

"కాగితంలో ఉందిగా తల్లీ!"

"ఈ వయసులో చాలామందికి ఉంటాయండీ. బాధ లేనప్పుడు వాటి జోలికి పోకూడదు. మీ మాత్రలకి అవి రాటుదేలాయి. ఇప్పుడు నిజంగా జబ్బు చేస్తే ఏ మందూ పనిచేయట్లేదు."

నిన్న అమ్మ జ్వరం మగతలో నన్ను చూసి, "అచ్చాఫీసుకి వేళవలేదా?" అంది.

మీ పిన్నికీ ఈ వైద్యం నేర్పింది నేనే. బాధ లేనిదే మాత్ర ముట్టొద్దని ఈ కార్డు అందగానే చెప్పు. వచ్చేటప్పుడు నీ దగ్గరున్న అమ్మ మెత్తటి నూలు చీరలు రెండు తే. మీ వంటింటి కుళాయి కారడం ఆగిందా? పిల్లలకు తాత దీవెనలు.

ఇవాళ్టి రిపోర్టులో అమ్మ వయసు రెండేళ్లు ఎక్కువ వేశారు. దిద్దకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను.