పదకొండు ఒకట్ల పలక గురించి కుమె చెప్పి రాయించినది

హరిమ సీమ, కమినొ ఊరి కాపురస్తురాలిని, లెక్కల బడి నడిపి కాలం చేసిన గెన్ఆన్ గారి భార్యను, కుమె అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట నోటరీ గారి ఎదుట నోటితో చెప్పి రాయిస్తున్న వీలునామా. నా మతి చెడలేదు. పూసల చట్రం ముందు పెడితే ఈ గదిలో ఎవరికన్నా ముందే లెక్క తేలుస్తాను. అక్షరం రాదు గనుక చెప్పింది చెప్పినట్టే రాయాలి. నునుపు చేయకూడదు.

1. ఇల్లూ, బడి నడిచిన వసారా నా మేనల్లుడు కనెహచికి. "అత్తకు నోరు తప్ప ఆస్తేముంది" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు, అయినా వాడికే. నాలుగో అంశం జరిపించే బాధ్యత కూడా వాడిదే. జరిపించకపోతే ఇల్లు గుడికి పోతుంది.

2. నా నీలం దూది కోటు వాడి భార్య ఒఫుజికి. మూడు చలికాలాలుగా నన్ను వీపున మోసి స్నానానికి తీసుకెళుతోంది. ఎడమ చంక దగ్గర బిగుతు, కుట్టు విప్పి కుట్టుకోవాలి.

3. ఇది ఆస్తి కాదు, తప్పు. దీన్నీ రాయండి.

హచిమాన్ గుడిలో, తేల్చిన లెక్కను దేవుడికి కానుకగా రాసి మావారు కట్టించిన చెక్క పలక మీద వరసగా పదకొండు ఒకట్లున్నాయి. అంటే వెయ్యిన్నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. ఒకటీ, తానూ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యే లేదని కింద రాసి ఉంది. అది అబద్ధం. ఆ అబద్ధం నాది.

ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే సంఖ్యలను మాత్రమే పరీక్షిస్తే చాలని మావారు తేల్చి, శిష్యులకూ నాకూ వంతులు పంచారు. ఇరవై వేల నుంచి ముప్పై వేల దాకా నాది. నాలుగు వందల యాభై నాలుగు భాగహారాలు. అది పట్టుపురుగులు ఆఖరి నిద్ర లేచి ఆకు మీద పడే వారం, రాత్రీ పగలూ ఆకు వేస్తూనే ఉండాలి. డెబ్బై చేసి ఆపేశాను. అన్నీ అయ్యాయన్నాను. నా మాట మీద పలక ఎక్కింది.

గడ్డికప్పులు కట్టే సకుజి మావారి శిష్యుడు. పండగనాడు గుడిముందు, "గురువుగారూ, ఈ సంఖ్య విరుగుతోందండీ" అన్నాడు. మావారు నావైపు తిరిగి, "కుమే, నీ వంతు మొత్తం చూశావు కదా?" అన్నారు. "చూశాను" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? సకుజి చేతిలోని పూసల చట్రం లాక్కుని, "గడ్డి మోపులు లెక్కపెట్టుకో పో! పూసలు తప్పు తోసి పెద్దల ముందు గొప్పలా!" అని నలుగురూ నవ్వేలా తిట్టాను. బడి జాబితాలో అతని పేరు కొట్టేశారు. గుడి కప్పు పని కూడా మరొకరికి పోయింది.

ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చి, ఆపిన చోటి నుంచి మొదలుపెట్టాను. అయిదోదానికి ఒక్క పూస మిగల్లేదు. మావారు ఆ తరవాత ఇరవై ఏళ్లు బతికారు. ఏటా పలక దుమ్ము తనే తుడిచేవారు. పక్కన నిలబడి గుడ్డ అందించానే గాని నోరు విప్పలేదు.

4. ఆ పలక దింపాలి. కొత్తదాని మీద ఇలా ఉండాలి: ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదిని అయిదు లక్షల పదమూడు వేల రెండు వందల ముప్పై తొమ్మిదితో హెచ్చవేస్తే పదకొండు ఒకట్లు. కనిపెట్టినది సకుజి. ఇరవై రెండు సూత్రం గెన్ఆన్‌ది. లెక్క ఎగ్గొట్టినది కుమె.

5. చచ్చాక చదివిస్తే నాకు సుఖం, సకుజికి కాదు. అందుకే అతన్నే సాక్షిగా పిలిపించాను. ఇంతసేపూ నేను చాప వంకే చూస్తూ చెప్పాను. పుచ్చుకునేవాడు సాక్షి కాకూడదట, కాబట్టి అతనికి ఏమీ రాయడం లేదు.

సవరణ: చదివి వినిపించిన పిమ్మట, అయిదో అంశం చివర ఉన్న "సకుజి నన్ను క్షమించాడు" అనే వాక్యం కొట్టివేయబడినది. రెండో సాక్షి, "అది జరగలేదు కదండీ అమ్మగారూ. జరగనిది జరిగిందని నేనెలా సంతకం పెట్టను?" అన్నారు. రాయించినవారు, "నిజమే. కొట్టెయ్యండి" అన్నారు.

మెయిజి నలభై ఒకటో సంవత్సరం, పదో నెల, ఇరవై మూడు.

కుమె, వేలిముద్ర

సాక్షులు:
రింజొ, పీపాలు చేసేవాడు
సకుజి, గడ్డికప్పులు కట్టేవాడు