గోడలకు మేకులు కొట్టరాదు

తమ్ముడూ, లేవగానే ఫోను పట్టుకోకుండా ముందు ఇది చదువు. నేను లాయరుగారి ఆఫీసుకి వెళ్తున్నాను. నువ్వు పదకొండింటికల్లా గుర్తింపు కార్డు, రెండు ఫోటోలు తీసుకుని అక్కడికి రా. ఇస్త్రీ చొక్కా కుర్చీ మీద పెట్టాను. ఆ లుంగీతో మాత్రం రాకు.

మన సంచుల షాపుకి భాగస్వామ్య ఒప్పందం నేనే రాస్తానని పట్టుబట్టావు కదా. ఇంటి అద్దె కాగితం ముందు పెట్టుకుని మక్కీకి మక్కీ దింపేశావా! యజమాని అన్నచోట అక్క, అద్దెకున్నవారు అన్నచోట తమ్ముడు. లాయరుగారు నిన్న పైకి చదివి వినిపించారు. దాని ప్రకారం నువ్వు నా గోడలకు మేకులు కొట్టకూడదు, కుక్కను పెంచకూడదు, పదకొండు నెలలు కాగానే షాపుకి సున్నం వేయించి నాకు అప్పగించాలి. ఆయన నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎవరి వాటా ఎంత, ఎవరి సంతకం చెల్లుతుంది, గొడవొస్తే ఎవరు తీర్చాలి, ఇవిరా అందులో ఉండాల్సింది. అన్నీ పెట్టి కొత్తది రాయించాను. వాటా చెరి సగం. ఈసారైనా చదివి సంతకం పెట్టు.

అన్నట్టు, నీ కాగితంలోంచి ఒక్క షరతు మాత్రం ఉంచమన్నాను. నెల ముందు చెప్పకుండా ఖాళీ చేసి పోకూడదు. ఇంతకుముందు నీ ఫోటో స్టూడియోని, చేపల తొట్ల షాపుని మధ్యలో వదిలేసినట్టు ఇక్కడ కుదరదు. లాయరుగారు మళ్లీ నవ్వారు. నేను నవ్వలేదు.

కుక్కను కావాలంటే పెంచుకో.