నర్సింగ్‌ను ఇచ్చేసిన్రు

శంకరన్నా,

నువ్వుంటే గ్రౌండ్‌ల కొట్లాటయ్యేది. టోర్నమెంట్ నడుమల మన జహీరాబాద్ టీమోళ్లు నర్సింగ్‌ను న్యాల్‌కల్ టీమ్‌కిచ్చి, ఆళ్ల ఫాస్ట్ బౌలర్‌ను తెచ్చుకున్రు. ఓపెనింగ్ దిగి ఓవర్లన్ని మింగుతడని ప్రతి మ్యాచ్‌ల నువ్వు గోడ మీద కూసోని తిట్టిన నర్సింగే. మొన్న నీ పాడె ముందట పట్టింది గూడ వాడే. అదంత ఎవరికి కావాలె? "పీడ పోయింది" అన్నరు అందరు.

ఇయ్యాల వాడు మనమీదనే బ్యాటింగ్ దిగిండు. ఆ కొత్త బౌలర్‌ను ఉతికి ఆరేసిండు. మనం ఓడిపోయినం, టోర్నమెంట్‌ల నుంచే బయటపడ్డం. మనోళ్లు తలకాయలు దించుకొని బండ్లెక్కి పోయిన్రు. మనం కూసునే గోడ మీద నేనొక్కన్నే మిగిలిన.

నర్సింగ్ ప్యాడ్లు గూడ ఇప్పకుంట సీదా నాకాడికొచ్చిండు. గెలిచినోని మొఖం లెక్క లేదు. నీ జాగ దిక్కు చూసుకుంట అన్నడు: "అన్న లేడు గద. నువ్వన్న జర తిట్టు భాయ్. ఎంత కొట్టినా కొట్టినట్టే లేదు."

నీ తిట్లన్ని నాకు వరుసగ యాదికున్నయన్నా. నోరు తెరిచిన. ఒక్కటి గూడ బయటికి రాలే.