ఐదో తప్పు

అక్కకి,

నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగానే అంటే పొద్దున లేచి నిలబడగలుగుతున్నాం, సాయంత్రానికి కూలబడుతున్నాం. నువ్వూ బావా పిల్లా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పిల్ల క్షేమంగా లేదని నీ ఉత్తరంలోనే రాశావు, అయినా మొదటి వాక్యం దగ్గర చెయ్యి అలవాటుగా అలాగే పోతుంది.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఇంత ఆలస్యం నేనెప్పుడూ చేయలేదు. పని ఎక్కువై రాయలేదంటే నువ్వు నమ్ముతావు. అది సగం నిజం. మిగతా సగం తర్వాత చెబుతాను. ముందు నువ్వు అడిగిన చిన్న చిన్నవాటికి జవాబులు రాయనివ్వు, లేకపోతే నాకు ధైర్యం చాలదు.

దగ్గు తగ్గిందా అన్నావు. తగ్గలేదు. అది తగ్గాలంటే ముందు దుమ్ము తగ్గాలి కదా. ఏడు నెలలుగా హోటల్ మూసేసి పగలగొట్టడం, కట్టడం, నచ్చలేదని మళ్ళీ పగలగొట్టడం, ఇదే పని. మూడంతస్తుల్లోనూ బయటి గోడలు తప్ప పాతది ఏదీ మిగల్చలేదు. పైన సుత్తి పడితే కింద మా బట్టల గదిలో ఇస్త్రీ బల్లలు అదురుతాయి. ఉతికి ఆరేసిన దుప్పటి మీద సిమెంటు పొడి రాలుతుంది. తీసి మళ్ళీ ఉతుకు. ఒక రోజు ఒకే దుప్పటిని మూడుసార్లు ఉతికించాను. ఇది చదివి నువ్వు నవ్వుతావని తెలుసు. నాకు మాత్రం నవ్వే ఓపిక కూడా లేకపోయింది.

పెళ్ళిళ్ళు కాకముందు మనిద్దరం గిన్నెలు కడిగిన వెనక వంటిల్లు ఉందా అని అడిగావు. లేదక్కా. అక్కడ ఇప్పుడు ఈతకొలను తవ్వారు. వంద అడుగుల దూరంలో సముద్రం పెట్టుకుని ఇదెందుకని మీ మరిదిని అడిగితే, "దొరలకి ఉప్పు లేని సముద్రం కావాలట" అన్నాడు. ఆయన గోల ఆయనది. ముందు తోటలో పరిచిన పచ్చగడ్డి ఉప్పుగాలికి రెండుసార్లు మాడిపోయింది. మూడోసారి పరుస్తున్నారు. గడ్డి మాడితే గాలిని కాదు, తోటమాలిని తిడతారు. పక్కన పడవలు ఒడ్డుకి లాగే ఇసుక చుట్టూ రేకులు కొట్టేశారు. లోపల నలభై విల్లాలు లేస్తున్నాయి. వీధిలో పొద్దస్తమానం లారీలే. టీ కొట్టావిడ గ్లాసు మీద సాసరు బోర్లించి ఇస్తోంది, దుమ్ము పడకుండా.

సరే, ఎంత తిప్పినా అక్కడికే రావాలి. నువ్వు కింద రెండు గీతలు కొట్టి మరీ అడిగావు: "మా పిల్ల మీద ఫిర్యాదు రాసిన ఆ గెస్టు ఎవరో కనుక్కో. ఎనిమిది నెలలు నిలువుకాళ్ళ మీద నేర్చుకున్న పనిని ఒక్క కాగితంతో పోగొట్టిన ఆ మహాతల్లి ఎవరో నాకు తెలియాలి. రాసిన చెయ్యి పడిపోను." బావ నడుము బాగయ్యేదాకా ఇల్లు పిల్ల జీతం మీదే నడుస్తుందని ధైర్యంగా ఉన్నాననీ, ఇప్పుడు పిల్ల గుమ్మం దాటడం లేదనీ, పిలిస్తే పలకడం లేదనీ రాశావు. అది చదివినప్పుడు మీ మరిది నా వంక చూశాడు. నేను ఉత్తరాన్ని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

నీకొకటి తట్టలేదక్కా. దూరాన ఉన్నదానివి, నీకెలా తడుతుంది! హోటల్ ఇంకా మళ్ళీ తెరవనే లేదు. ఇక్కడ గెస్టులే లేరు.

తెరవడానికి ముందు పరీక్ష అని ఒకటి పెట్టారు. పనివాళ్ళలో సగంమంది గెస్టులుగా గదుల్లో దిగాలి, మిగతా సగం వాళ్ళకి సేవ చేయాలి. తప్పులన్నీ ముందే బయటపడతాయని. ఇవన్నీ నేర్పడానికి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. నిద్రలో కూడా నవ్వుతూనే ఉండాలన్నట్టు చెబుతాడు కాబట్టి మేం చిరునవ్వు సార్ అని పేరు పెట్టుకున్నాం. ఆయన అందరినీ వరసగా నిలబెట్టి, "రేపు మీరు గెస్టులు. మొహమాటం వద్దు. ఒక్కొక్కరూ ఐదు తప్పులు రాసివ్వాలి. ఐదు రాయలేదంటే మీరు గది చూడలేదని అర్థం. ఇదంతా ఆట. ఎవరి ఉద్యోగానికీ ఏమీ కాదు" అన్నాడు. "ఆరు రాస్తే బహుమతి ఏమైనా ఉందా సార్?" అని వంటవాడు అడిగితే అందరం నవ్వాం.

నాకు రెండో అంతస్తులో సముద్రం వైపు గది ఇచ్చారు. పందొమ్మిదేళ్ళుగా ఆ గదుల దుప్పట్లు నా చేతుల మీదుగానే వెళుతున్నాయి కానీ, ఆ పరుపు మీద ఒక్కసారి నడుం వాల్చింది లేదు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మంచం పక్కన ఏడు స్విచ్చులు. ఏది నొక్కినా బాత్రూమ్‌లో దీపం మాత్రం ఆరదు. అది మొదటి తప్పు. సబ్బు పెట్టిన చోట నిలవక జారుతోంది, రెండు. పరదా లాగితే కీచుమంటోంది, మూడు. బీరువా తలుపు తెరిస్తే మంచానికి కొట్టుకుంటోంది, నాలుగు. గెస్టుగా ఉండటం కూడా పనేనక్కా, నాలుగింటికే నేను అలసిపోయాను.

సాయంత్రం ఎవరో మూడుసార్లు తలుపు తట్టారు. "గుడ్ ఈవినింగ్ మేడమ్, పక్క సర్దమంటారా?" మన పిల్ల! ఎంత చక్కగా అందో నువ్వు వినాల్సింది. లోపలికొచ్చి తలుపు మూయగానే, "అమ్మయ్య! పొద్దుట్నుంచీ ఇరవై రెండు గదులు పిన్నీ. కాళ్ళు నావి కావు" అంది.

"కాసేపు కూర్చోవే" అన్నాను.

"ఇంకేమైనా ఉందా? చూస్తే చంపేస్తారు."

"ఎవరే చూసేది? గెస్టుని నేను. గెస్టు చెబుతోంది, కూర్చో."

ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. పరుపు అంచున రెండు నిమిషాలు కూర్చుంది, అంతే. కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ, "ఎనిమిది నెలల్లో ఇటు తల తిప్పి చూడటం ఇదే పిన్నీ" అంది. లేచి, నలిగినచోట అరచేత్తో సరిచేసి వెళ్ళిపోయింది. కూర్చోమన్నది నేనక్కా. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

పొద్దున లేచి దుప్పటి సర్దుతుంటే కాళ్ళ వైపు అరచేతి మేర తుప్పు మరక కనిపించింది. మూల తిరగేస్తే, చూసి పంపినట్టు సూపర్‌వైజరుగా నేను వేసే ముద్రే ఉంది. ఇది బయటపడితే మా పని అయిపోయినట్టే. ఎందుకంటే బట్టల ఉతుకుడు పనిని పట్నంలో కంపెనీకి ఇచ్చేద్దామా అని పైవాళ్ళు నెలల తరబడి ఆలోచిస్తున్నారు. ఈ పరీక్షలో మా గది నెగ్గితేనే మేం ఉంటాం. మా దగ్గర పద్నాలుగు మంది. అందులో సగం మందికి వేరే పని రాదు, ఈ వయసులో రాబోదు. మరక మీద దుప్పటి రెండో మడత కప్పేసి కిందికి దిగాను.

కింద హాల్లో అందరం పరీక్ష పిల్లల్లాగా కూర్చుని రాస్తున్నాం. నాలుగు రాశాను. ఐదోది కదలదు. కలం పట్టుకుంటే కళ్ళ ముందు మరకే. చిరునవ్వు సార్ నా భుజం మీదుగా వంగి, "ఇంకొక్కటి మేడమ్, ఇంకొక్కటి" అంటున్నాడు. పక్కన వంటవాడు గదికి భోజనం తెచ్చినవాడి మీసం బాగాలేదని రాసి చూపించి నవ్విస్తున్నాడు. ఆటే కదా అనుకున్నాను. మహా అయితే పిల్లని పిలిచి ఒక మాట అంటారు అనుకున్నాను. "పక్క సర్దడానికి వచ్చిన అమ్మాయి గెస్టు పరుపు మీద కూర్చుంది" అని రాసి ఇచ్చేశాను.

ఆ రాసిన చెయ్యి ఇదేనక్కా. ఇప్పుడు నీకు ఉత్తరం రాస్తున్న చెయ్యి.

సబ్బులూ స్విచ్చులూ ఇంజనీర్ల దగ్గరికి వెళ్ళాయి. మనుషుల మీద రాసినవి పై ఆఫీసుకి వెళ్ళాయట. అక్కడెవరో కూర్చుని, గెస్టు మంచం మీద కూర్చోవడం క్షమించరాని తప్పుల్లో ఒకటి అన్నారట. నాలుగో రోజుకి పనిలోంచి తీసేసినట్టు పిల్ల చేతిలో కాగితం పెట్టారు. నేను చిరునవ్వు సార్ దగ్గరికి పరిగెత్తాను. "నా చేతుల్లో లేదమ్మా" అన్నాడు, నవ్వుతూనే. అప్పుడైనా పైకి వెళ్ళి కూర్చోమన్నది నేనే అని చెప్పాల్సింది. చెబితే ఐదోది అసలేమిటని అడుగుతారు. మెట్ల దగ్గరి నుంచే వెనక్కి తిరిగాను. పద్నాలుగు మంది కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పనా? పద్నాలుగు మందిలో నేనూ ఉన్నాను కదా.

నేనేం రాశానో మీ మరిదికి పిల్ల వెళ్ళిన రోజే చెప్పాను. నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు ఆగి చూశాడు. నాలుగో రోజు మీ మరిది, "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు. ఆ మనిషి నాతో అంత గట్టిగా మాట్లాడటం పెళ్ళయ్యాక అదే మొదలు. మర్నాడు పొద్దున్నే మేనేజరమ్మ గదికి వెళ్ళి నిలబడి అంతా చెప్పాను. మరక సంగతి, ముద్ర సంగతి, కూర్చోమన్న సంగతి. ఆవిడ "ఈ మాట ఆ రోజే చెబితే ఏం పోయేదమ్మా?" అంది.

ఆ మధ్యాహ్నం ఇంజనీరొచ్చి మా గదికి నీళ్ళొచ్చే గొట్టం విప్పి చూశాడు. గోడలన్నీ కొత్తవి చేశారు కానీ ఆ గొట్టం పాతదే వదిలేశారు. లోపలంతా తుప్పు. మార్చడానికి ఒక్క పూట పట్టిందక్కా. ఒక్క పూట! పట్నం కంపెనీ మాటే ఎవరూ ఎత్తలేదు. దాచినందుకు నన్ను సూపర్‌వైజరు పని నుంచి తీసేసి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టారు. దాని గురించి నువ్వేమీ బాధపడకు. తక్కువే చేశారు.

పిల్లకి ఉద్యోగం మళ్ళీ ఇస్తామన్నారు. కాగితం ఈ ఉత్తరంతోనే పెట్టాను. వచ్చే నెల ఒకటో తారీకున చేరాలి. రాకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారు.

ఇంకొక్కటి ఉంది, అది రాయడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. మేనేజరమ్మ ఫైలు తీసి ఆ ఫిర్యాదు కాగితం నా ముందు పెట్టింది. పైన గది నంబరు, గెస్టు పాత్రలో బట్టల గది సూపర్‌వైజరు అని. మధ్యలో నా కోడిగీతల రాత. అడుగున "చదివి తెలుసుకున్నాను" అని పిల్ల సంతకం. ఎవరి మీద రాస్తే వాళ్ళకి చూపించి సంతకం పెట్టించుకుంటారట. నాకు తెలియదు. రాసింది నేనేనని దానికి మాత్రం ఆ రోజే తెలుసు.

తీసేసిన ఆ సాయంత్రమే అది మేముండే గదికి వచ్చి పెట్టె సర్దుకుంది. మా ఇద్దరితో కూర్చుని భోజనం చేసింది. నా దగ్గు విని మందు ఎక్కడ పెట్టానో వెతికి తెచ్చి తాగించింది. "ఎవరో గెస్టు రాశారట పిన్నీ, పోనీలే. అమ్మకి నేనే చెప్పుకుంటాను, నువ్వేమీ రాయకు" అంది. నేను తలూపాను. నా మొహం మీద నా అబద్ధం, దాని మొహం మీద దాని అబద్ధం. దానిది నన్ను కాపాడటానికి. ఇన్నాళ్ళూ గుమ్మంలో కూర్చుని నీ తిట్లన్నీ వింటూ కూడా నా పేరు చెప్పలేదంటే, ఆ పిల్లని ఏమనాలో నాకు తెలియడం లేదు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఉత్తరాలు మానేయాలనిపిస్తే మానేయి, నేను రాస్తూనే ఉంటాను. కానీ ఈ కాగితం మాత్రం దాని చేతిలో పెట్టు. నాతో కలిసి ఉండటం ఇష్టం లేకపోతే ఆడపిల్లల హాస్టల్లో మంచం ఒకటి అడిగి ఉంచాను. నేనుండేది కింద బట్టల గదిలో, దాని పని పై అంతస్తుల్లో. రోజూ నా మొహం చూడాల్సిన పని లేదు.

వస్తానంటే ఏ బస్సుకో రాయి. బస్టాండుకి నేను రానా, మీ మరిదిని పంపనా? అది నువ్వు చెప్పొద్దు, దాన్నే అడిగి రాయి.

ఇట్లు,
నువ్వు కాదంటే తప్ప
ఎప్పటికీ నీ చెల్లెలు